పెద్ద తెర ముందు దోర్కాస్ అప్ప

మా బావ దేవదానం ఎన్ని సినిమాలు ఆడించాడో లెక్కలేదు గానీ, ఒక్కదాని కథ అడిగినా సరిగ్గా చెప్పలేకపోయేవాడు. కాశీబుగ్గలో ఒక పాత హాల్లో ఆపరేటర్ ఆయన. పలాస స్టేషన్‌లో దిగిన రీళ్ల పెట్టెలు రిక్షాలో హాలుకి వచ్చేవి. వాటిని విప్పి, ఫిల్ము అతుకులు చూసుకుని, యంత్రంలో కార్బన్ కడ్డీలు వెలిగించి, ఒక రీలు అయిపోయేలోపు రెండో యంత్రం సిద్ధం చేసుకోవడం ఆయన పని. క్యాబిన్ గోడకున్న చిన్న కిటికీలోంచి ఆయన చూసేదల్లా బొమ్మ స్పష్టంగా ఉందా, వెలుగు తగ్గిందా, అంచు వంకరపోయిందా అని మాత్రమే. "హీరో బతికాడా బావా?" అని అడిగితే, "ఏమోరా, ఆకరి రీల్లో గీతలు మాత్రం ఎక్కువున్నాయి" అనేవాడు.

నేను పలాస బస్సు డిపోలో కండక్టర్ని, పేరు క్రాంతికుమార్. దేవదానం బావ భార్య దోర్కాస్ నాకు స్వయానా అక్క. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప పెళ్లికి ముందు నుంచీ జీడిపప్పు షెడ్డులో పని చేసేది. ఉడికించిన పిక్కని కత్తి మరలో పెట్టి, కాలితో తొక్కి పగలగొట్టి, లోపలి పప్పు చితక్కుండా బయటికి తీయాలి. పిక్క తొక్కలో ఉండే నూనె ఒంటి మీద పడితే కాలినట్టు మచ్చ తేలుతుంది. అందుకని చేతులకి బూడిదో ఆముదమో పూసుకుని కూర్చుంటారు. కంటికి మాత్రం ఏం పూసుకుంటారు?

తొంభై ఎనిమిది వేసవిలో, సీజను జోరు మీదున్నప్పుడు, ఒక పిక్క పగిలి నూనె చుక్క ఎగిరి అప్ప ఎడమ కంట్లో పడింది. అక్కడికక్కడే నీళ్లతో కడిగారు. బరంపురం తీసుకెళ్లాం, విశాఖపట్నం తీసుకెళ్లాం. చివరికి నల్లగుడ్డు మీద తెల్లటి పొర మిగిలిపోయింది. ఆ కంటికి వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. కుడి కన్ను నిక్షేపంగా ఉంది, దేవుడి దయ అన్నారు చర్చిలో అందరూ. అప్ప కూడా అదే అంది.

కానీ ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో చిన్న చిన్న పొరపాట్లు జరిగేవి. టీ వంపితే గ్లాసు పక్కన పడేది. గోడకున్న మేకుకి సంచి తగిలించబోతే మేకుకి బెత్తెడు ఇవతలే వదిలేసేది. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర కాలు గాలిలో ఆగిపోయేది. అప్ప ఎవరినీ సాయం పిలవలేదు. పడింది తుడుచుకునేది, జారింది ఎత్తుకునేది. ఏడాది తిరిగేసరికి ఆ పొరపాట్లు ఆగిపోయాయి. మళ్లీ షెడ్డుకి వెళ్లింది. ఈసారి పిక్కలు కొట్టే పని కాదు, పప్పు మీద పొట్టు వలిచే పని. అయితే ఆమెకి కొత్తగా ఒక అలవాటు వచ్చింది. ఏదైనా అందుకునే ముందు తల కొద్దిగా అటూ ఇటూ ఆడించేది. నరాల బలహీనత అనుకున్నాం. అడిగితే నొచ్చుకుంటుందని ఎవరం అడగలేదు. బావ కూడా అడగలేదు.

కొత్త శతాబ్దం మొదలయ్యాక కాశీబుగ్గ హాలు నీరసించిపోయింది. ఇంటింటికీ కేబుల్ వచ్చింది, సీడీలు వచ్చాయి. మ్యాట్నీకి హాల్లో మనుషులకంటే పావురాలే ఎక్కువ ఉండేవి. చివరికి యజమాని కుర్చీలు పీకించి దాన్ని పెళ్లిళ్ల హాలుగా మార్చేశాడు. బావ ఖాళీ అయిపోయాడు. ఆ రోజుల్లోనే ఢిల్లీరావు ఫోన్ చేశాడు. ఢిల్లీరావుది కంచిలి. బావకి చిన్ననాటి స్నేహితుడు, హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్.

"దేవదానం, ఇక్కడ కొత్తగా ఒక హాలు కడతన్నారు. తెర ఆరేడు అంతస్తుల ఎత్తుంటాదంట. ఏసీ పని మాదే. మిసను గదిలోకి పాత ఆపరేటర్లు కావాలంటన్నారు. ఒచ్చీ."

బావ వెళ్లాడు. అప్ప, కూతురు కృప కాశీబుగ్గలోనే ఉండిపోయారు.

ఆ హాల్లో ప్రొజెక్షన్ గదికి పెద్ద రమణమూర్తి గారు. విదేశం వెళ్లి ఆ యంత్రం మీద శిక్షణ తీసుకుని వచ్చిన మనిషి. కోపం తక్కువ, ఓపిక ఎక్కువ. మొదటి రోజు బావకి ఒక ఫిల్ము ముక్క చేతికిచ్చి వెలుగులో పెట్టి చూడమన్నారట. కాశీబుగ్గలో బావ ఎరిగిన ఫిల్ము బొమ్మ తపాలా బిళ్లంత. ఇది అరచేయంత ఉంది. "అంత పెద్ద తెర మీద బొమ్మ పగిలిపోకుండా ఉండాలంటే, ఫిల్ము మీదే బొమ్మ పెద్దగా ఉండాలి" అన్నారు రమణమూర్తి గారు.

మామూలు యంత్రంలో ఫిల్ము పైనుంచి కిందికి దిగుతుంది. చక్రం పళ్లు దాని అంచులకున్న చిల్లుల్ని పట్టి లాగుతాయి. ఇక్కడ ఫిల్ము అడ్డంగా నడుస్తుంది. ఇంత పెద్ద ఫిల్ముని అలా లాగితే చిరిగిపోతుంది. అందుకని యంత్రం దాన్ని అలలాగా లేపి, ఆ అలని ముందుకు జరుపుతుంది. ఒక్కో బొమ్మ కటకం ముందుకి రాగానే గాలి పీల్చి, దాన్ని గాజు పలకకి అతుక్కుపోయేలా చేస్తుంది. రెప్పపాటు కూడా ఉండదు ఆ ఆగడం. వెంటనే వదిలేసి ఇంకో బొమ్మ. దీపం సంగతి చెప్పనే అక్కర్లేదు. దాన్ని చల్లబరచడానికి గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ ఉండాలి. దీపం మార్చే రోజున ముఖానికి అడ్డు, చేతులకి దళసరి తొడుగులు, ఒంటికి మందపాటి కోటు వేసుకునేవారు. పగిలితే గాజు తూటాల్లా ఎగురుతుంది.

ఈ విషయాలన్నీ బావ నాకు ఫోన్‌లో చెప్పేవాడు. నా సెలవు రోజున మా పక్కింటికి ఫోన్ చేసి పిలిపించేవాడు. గొంతులో కుర్రాడి హుషారు. అప్పుడప్పుడూ మధ్యలో, "మీ అప్పకి సెప్పకు, నాను సెప్పుకుంటాన్లే" అనేవాడు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

తర్వాత తెలిసింది. త్రీడీ బొమ్మ మొదలుపెట్టే ముందు రమణమూర్తి గారు కొత్తవాళ్లని కూర్చోబెట్టి పాఠం చెప్పారు. "బొటనవేలు ముక్కు ముందు నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి చూడండి, ఇప్పుడు కుడి కన్ను మూసి చూడండి. వేలు గోడ మీద అటూ ఇటూ గెంతుతోంది కదా? రెండు కళ్ల మధ్య రెండున్నర అంగుళాల ఎడం ఉంది. అందుకే ఒక కన్ను చూసింది రెండో కన్ను చూడదు. ఆ రెండు బొమ్మల తేడా పట్టుకుని బుర్ర లోతు లెక్కగడుతుంది. మనం చేసే మాయ అంతా అదే. కెమెరాకీ రెండు కళ్లు పెట్టి తీస్తారు. ఎడమ కంటికి ఒక ఫిల్ము, కుడి కంటికి ఒక ఫిల్ము. మన యంత్రంలో రెండూ ఒకేసారి నడుస్తాయి."

అందరూ వేలు పెట్టుకుని కళ్లు మూస్తూ తెరుస్తూ నవ్వుకున్నారట. బావ ఎడమ కన్ను మూసి, అలాగే ఉండిపోయాడు. దోర్కాస్‌కి ఈ వేలు ఎప్పటికీ గెంతదు అనుకున్నాడు. ఆ రోజు నుంచి ఇంటికి ఫోన్ చేసినా పని ముచ్చట ఎత్తడం మానేశాడు.

ఒకసారి ఖాళీ హాల్లో పరీక్ష చేస్తున్నప్పుడు బావ రెండు ఫిల్ములూ తారుమారుగా ఎక్కించాడు. ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు. రమణమూర్తి గారు తిట్టలేదు. "వెళ్లి కుర్చీలో కూర్చుని చూడవయ్యా" అన్నారు. బావ త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ముందుండాల్సిన మనిషి గోడలో కూరుకుపోయి ఉన్నాడు, వెనకుండాల్సిన కొండ ఆ మనిషి మీదుగా ముందుకు వచ్చింది. అద్దాలు తీసేసి లేచి వచ్చేశాడు. మళ్లీ ఎప్పుడూ ఆ పొరపాటు చేయలేదు.

రెండువేల నాలుగు వానాకాలంలో సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నేను కూడా వాళ్లింట్లోనే భోజనం చేశాను. చేపల పులుసు వడ్డిస్తూ అప్ప అడిగింది.

"ఏటి మావా, ఆ పెద్ద తెర మీద అంత ఏటుంటాది? అక్కడికెల్లిన కాడి నుంచి పని ముచ్చటే ఎత్తవు."

"ఏటుంటాది? సినిమాయే."

"కాశీబుగ్గ హాలు ముచ్చట్లు అడక్కుండానే సెప్పీవోడివి. కార్బన్ ఇరిగిపోనాది, బెల్టు జారిపోనాది అని. ఇప్పుడేటయినాది నీకు?"

బావ చెయ్యి కడుక్కుని, సంచిలోంచి గీతలు పడిపోయిన త్రీడీ కళ్లద్దాలు మూడు జతలు తీశాడు. హాల్లో పారేసినవి, అడిగి తెచ్చుకున్నాడు. కృప ఒకటి లాక్కుని పెట్టుకుంది. బావ ఒక అద్దాన్ని ఇంకో అద్దం ముందు పట్టి నెమ్మదిగా తిప్పాడు. అప్పటిదాకా రెండింటిలోంచీ కనిపిస్తున్న గుమ్మం మసకబారి, చివరికి నల్లగా ఆరిపోయింది. ఇంకొంచెం తిప్పితే మళ్లీ తెల్లారింది. కృప చప్పట్లు కొట్టింది. అప్ప దగ్గరికి వంగి చూసి, "నాకూ అగుపడతాది!" అంది సంబరంగా.

"వెలుగు కూడా తాడు ఊపినట్టు ఊగుతాదంట" అన్నాడు బావ. "దడి కర్రల సందులోంచి తాడు పెట్టి పైకీ కిందకీ ఊపితే అవతలికెల్తాది. అడ్డంగా ఊపితే కర్రలకి తగిలి ఆగిపోతాది. ఈ అద్దం సందులు ఇటు వాలుంటాయి, ఆ అద్దం సందులు అటు వాలుంటాయి. తెర మీద రెండు బొమ్మలూ కలిసే పడతాయి. ఎడం బొమ్మ ఎడం అద్దంలోంచే వత్తాది, కుడి బొమ్మ కుడి అద్దంలోంచే వత్తాది."

"అంటే ఒకో కంటికి ఒకో బొమ్మ."

"అవును."

"రెండూ కలిత్తే?"

"రెండూ కలిత్తే బొమ్మ తెర మీద ఉండదు. గాల్లోకి ఒచ్చీసి మన కాడ నిలబడతాది."

"మరి ఒక కన్నే ఉన్నోలికి?"

బావ అద్దాల కాళ్లు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. "తెర మీదే ఉంటాది. బల్లపరుపుగా."

అప్ప గిన్నె మీద మూత పెట్టింది. "అందుకా నువ్వు ముచ్చట ఎత్తనిది?"

"నువ్వు బాధపడతావని."

"నాను పడతానో నేదో నన్నడగాల గదా మావా." ఆమె గొంతులో కోపం లేదు. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, "నాను ఒచ్చి సూత్తాను" అంది.

అన్న మాట మీద నిలబడే మనిషి మా అప్ప. మరుసటి ఏడాది వేసవి సెలవుల్లో అప్పని, కృపని తీసుకుని నేను హైదరాబాద్ రైలెక్కాను. బావ స్టేషన్‌కి వచ్చాడు. ఆయన ముఖం చూస్తే పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లాడిలా ఉంది. అప్ప వద్దంటే వెనక్కి తిప్పి పంపేసేలా ఉన్నాడు.

ఉదయం ఆట. సముద్రం అడుగున తీసిన చిత్రం. హాల్లోకి అడుగుపెట్టగానే నేను పక్కనున్న కమ్మీ పట్టుకున్నాను. కుర్చీల వరసలు కొండ ఎక్కినంత ఏటవాలుగా ఉన్నాయి. ముందు వరసలో ఎంత పొడుగు మనిషి కూర్చున్నా మనకి తల అడ్డం రాదు. ఎదురుగా తెర. దాని అంచులు చూడాలంటే మెడ తిప్పాలి. తెల్లటి గుడ్డలా లేదు, వెండిపూత పూసినట్టు బూడిదరంగులో ఉంది. మామూలు తెల్ల గుడ్డ అయితే వెలుగు వాలుని చెరిపేసి రెండు బొమ్మల్నీ కలిపేస్తుందని, వెండిపూతే ఆ వాలుని కాపాడి వెనక్కి పంపుతుందని బావ చెప్పాడు. మమ్మల్ని కూర్చోబెట్టి యంత్రం గదికి వెళ్లిపోయాడు. నాకు కుడివైపు అప్ప, ఆమెకి అటుపక్క కృప.

దీపాలు ఆరాయి. మొదటి చేప వచ్చింది. నిజంగా వచ్చింది. నా ముక్కుకి జానెడు దూరంలో ఆగి, మూతి తెరిచి మూసింది. నాకు తెలియకుండానే వెనక్కి జరిగాను. కృప చెయ్యి చాచి దాన్ని పట్టుకోబోయింది. హాలంతా చేతులే. పెద్దవాళ్లు, ముసలివాళ్లు గాలిని తడుముతూ కేకలు వేస్తున్నారు. నేను భయపడుతూ అప్ప వైపు చూశాను. అప్ప తెర వైపు చూడటం లేదు, ఆ చేతుల వైపు చూస్తోంది. పెదవుల మీద చిన్న నవ్వు. పిల్లలు ఆడుకుంటుంటే అరుగు మీద కూర్చుని చూసే మనిషిలా ఉంది. యంత్రం గది కిటికీ వెనక బావ నిలబడి ఉంటాడని నాకు తెలుసు. ఆయన ఈ నవ్వు చూడగలిగితే బాగుండుననిపించింది, చూడకపోతేనే బాగుండుననీ అనిపించింది.

కొంతసేపటికి చేపలు వెళ్లిపోయాయి. సముద్రం అడుగున తాడిచెట్లంత నాచు మొక్కలు, అడవిలా. కెమెరా ఆ మొక్కల మధ్యనుంచి పక్కవాటుగా జరగడం మొదలుపెట్టింది. అప్పుడు అప్ప నా మణికట్టు పట్టుకుంది.

గట్టిగా పట్టుకుంది. నేను తిరిగి చూశాను. నవ్వు పోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఎప్పుడూ అటూ ఇటూ కదిలే ఆమె తల కదలకుండా నిలిచిపోయింది. కెమెరా మొక్కల్లోంచి బయటపడి, ఒక్కసారిగా ఒక లోయ అంచు దాటింది. కింద నేల లేదు, నీలం మాత్రమే ఉంది. అప్ప రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాగేసుకుంది. "ఓలమ్మ, పడిపోతాన్రా క్రాంతీ!" అని అరిచి, వెంటనే పెద్దగా నవ్వేసింది.

ఆట అయ్యాక రమణమూర్తి గారు మమ్మల్ని యంత్రం గదిలోకి రానిచ్చారు. గుండ్రటి పెద్ద బల్లల్లాంటి పళ్లేల మీద ఫిల్ము చుట్టలు పడుకుని ఉన్నాయి. ఒక్కోటి మనుషులు ఎత్తలేనంత బరువట, బండి మీదే కదుపుతారు. బావ వాటి పక్కన నిలబడి ఉన్నాడు. అప్ప ముఖమే చూస్తున్నాడు.

"అలాగ సూత్తావేటి మావా? నాకు అగుపడింది" అంది అప్ప.

"ఏటి అగుపడింది?"

"లోతు."

బావ ఆమె తనకోసం అంటోందనుకున్నాడు. "నేదులే దోర్కాసూ. రెండు కళ్లుండాల."

"నా మాట ఇనవా? చేపలు అగుపడనేదు. అవి ఉన్నసోటే ఉండి ఊగినాయి, నాకు గోడ మీద కేలండరు లాగున్నాయి. ఆ తోట కదిలింది సూడు, అప్పుడు. దగ్గిర మొక్కలు గబగబా ఎల్లిపోతన్నాయి. ఎనకున్నవి నెమ్మదిగా ఎల్తన్నాయి. మరీ దూరంవి నిలబడిపోనాయి. నాను రోజూ సేసే పనే అది." అప్ప బల్ల మీదున్న టీ కప్పు వైపు చూస్తూ తల కొద్దిగా అటూ ఇటూ ఆడించింది. "ఇలాగ ఆడిత్తే ముందుది ఎక్కువ జరుగుతాది, ఎనకది తక్కువ జరుగుతాది. దాన్నిబట్టి కప్పు ఎంత దూరముందో తెల్సుకుని సెయ్యి పెడతాను." చెయ్యి చాచి కప్పుని ఒక్కసారికే అందుకుంది. "ఇక్కడ నాను తల ఆడించక్కర్నేదు. ఆ బొమ్మ తీసినోలే నాకోసం ఆడించీసినారు."

బావ మెల్లగా గది గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. "నరాల జబ్బనుకున్నాను" అన్నాడు. "ఇన్నేళ్లూ."

"అడిగితే సెప్పేదాన్ని."

రమణమూర్తి గారు అప్పకి కుర్చీ చూపించి తనూ కూర్చున్నారు. "మీరన్నది ముమ్మాటికీ నిజమమ్మా" అన్నారు. "రెండు కళ్ల లెక్క దగ్గరి వస్తువుల దగ్గరే గట్టిగా పనిచేస్తుంది. దూరం పెరిగేకొద్దీ బలం తగ్గిపోతుంది. రైలు కిటికీలోంచి కొండ ఎంత దూరమో రెండు కళ్లున్న నేనైనా మీలాగే తెలుసుకుంటాను. దగ్గరి స్తంభాలు పరిగెడతాయి, కొండ మనతో పాటే వస్తుంది. ఇక తెర ఇంత పెద్దదిగా కట్టింది ఎందుకంటారా? అంచులు కంటికి ఆనకూడదు. అంచు కనిపించిందా, ఇది బొమ్మేనని బుర్రకి తెలిసిపోతుంది. అంచు లేకపోతే ఒళ్లు నమ్మేస్తుంది. మీరు కాళ్లు పైకి లాక్కున్నారే, అది ఒంటి నమ్మకం. దానికి ఒక కన్ను చాలు."

"అయితే ఒక కన్నుకి సగం టికెట్టనుకున్నా, నాను సగం కంటే ఎక్కువే సూసినాను" అంది అప్ప. రమణమూర్తి గారు పగలబడి నవ్వారు. బావ నవ్వలేదు. అప్ప ముఖాన్ని, కొత్తగా చూస్తున్నట్టు, చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత బావ ఫోన్లు మారాయి. కొత్త చిత్రం వచ్చినప్పుడల్లా ముందు అప్పకే చెప్పేవాడు. "ఇందులో కెమెరా బాగా తిరుగుతాది, నీకు పనికొత్తాది", "ఇది దండగ, అంతా ఉన్నసోటే నిలబడి తీసినారు." జీవితమంతా గీతలూ అంచులూ చూసిన మనిషి, బొమ్మ లోపల ఏం కదులుతోందో చూడటం మొదలుపెట్టాడు. కానీ ఊరి మీద బెంగ ఎక్కువైంది. అప్ప హైదరాబాద్ రానంది, కృప హైస్కూల్లో చేరింది. రెండువేల ఏడులో బావ ఉద్యోగం మానేసి వచ్చేశాడు. వచ్చేటప్పుడు రమణమూర్తి గారు పనికిరాని అద్దాలు ఒక గోనెసంచి నిండా ఇచ్చి పంపారు.

కాశీబుగ్గలో ఒక చిన్న గది తీసుకుని, పెళ్లిళ్లకీ మీటింగులకీ ప్రొజెక్టర్ అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది చర్చిలో కోత పండగకి ఏదైనా ప్రదర్శన పెట్టమని పాస్టరు గారు అడిగారు. బావ ఒప్పుకుని, పెద్ద పనే నెత్తిన వేసుకున్నాడు. చెక్క పలక మీద ఒకేరకం కెమెరాలు రెండు పక్కపక్కన బిగించాడు. వాటితో జీడితోటలు, బారువ ఒడ్డున పడవలు, కొబ్బరి కాయలు దింపే మనుషులు, అన్నీ జంటలుగా తీసి, స్లైడ్లు విశాఖపట్నంలో కడిగించాడు. స్లైడ్ ప్రొజెక్టర్లు రెండు సంపాదించి, ఒక్కోదాని ముందు ఒక్కో అద్దం పెట్టాడు. ప్లైవుడ్ పలకలు అతికించి, అల్యూమినియం రంగు పూసి తెర చేశాడు. చర్చి ఆవరణలో దాన్ని నిలబెట్టడానికి నలుగురం పట్టాల్సి వచ్చింది.

రంగు ఆరుతుండగా అప్ప అంది, "మరి మా షెడ్డు ఆడోల్లకేటి? అందులో సగం మందికి నాలాగే ఒక కన్ను పోనాది, పొర కమ్మింది. అసిరమ్మకి ఎడం కన్ను అసలు నేదు. ఆలొచ్చి కూకుంటారు, అందరూ సేతులెత్తి అరుత్తుంటే బిక్కమొగం ఏసుకుంటారు."

అసిరమ్మ అప్పతో పాటు పొట్టు వలిచే ముసలావిడ.

"ఏటి సేద్దాం?" అని అడిగాడు బావ. ఈసారి అడిగాడు.

"బండెక్కుదాం" అంది అప్ప.

ఢిల్లీరావు ఊరికి వచ్చి ఉన్నాడు, చేతిలో చిన్న వీడియో కెమెరా ఉంది. అది తీసుకుని అప్ప, బావ, నేను పలాసలో ప్యాసింజర్ ఎక్కాం. అప్ప కొండల వైపు కిటికీ దగ్గర కూర్చుంది. కెమెరా ఆమే పట్టుకుంది. ఎలా పట్టుకోవాలో ఢిల్లీరావు ఒకసారి చూపించాడు, అంతే. రైలు సుమ్మాదేవి దాటి మందస వైపు పరుగందుకున్నాక ఆమె మోచేతులు కిటికీ చట్రానికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీసింది. కట్ట పక్క తుప్పలు గీతల్లా ఎగిరిపోయాయి, వాటి వెనక జీడిచెట్లు, వాటి వెనక కొబ్బరి తలలు, అన్నిటికీ వెనక మహేంద్రగిరి తొణక్కుండా మాతో పాటు వచ్చింది. "దగ్గిరది, నడిమిది, దూరంది, మూడూ ఉండాల" అంది అప్ప కెమెరా దించకుండానే. "రెండే ఉంటే లోతు రాదు."

కోత పండగ సాయంత్రం పొద్దు వాలగానే ప్రదర్శన మొదలైంది. ముందు బావ స్లైడ్లు. పలక మీంచి ఒక జీడిపండు బయటికి వచ్చి వేలాడింది. పడవ ముక్కు జనం మీదికి పొడుచుకొచ్చింది. మా వాళ్లంతా హైదరాబాద్ వాళ్లలాగే గాలి పట్టుకున్నారు. షెడ్డు ఆడవాళ్లలో కొందరు అద్దాలు తీసి, పెట్టి, పక్కవాళ్లని చూసి నవ్వలేక నవ్వారు. అసిరమ్మ అద్దాలు ఒళ్లో పెట్టేసుకుంది.

అప్పుడు అప్ప వాళ్లందరినీ లేపి తెరకి బాగా దగ్గరగా, అంచులు కనబడనంత దగ్గరగా చాపలు వేసి కూర్చోబెట్టింది. అద్దాలు అక్కర్లేదంది. బావ వీడియో వేశాడు. రైలు కదిలింది. అసిరమ్మ రెండు చేతులతో చాప పట్టుకుంది.

"ఓలమ్మ దోర్కాసూ, మనం ఎల్లిపోతన్నాం!" అంది. "అదిగో ఆ సెట్టు దగ్గిరుంది, ఆ కొండ అల్లదిగో... ఎంత దూరమో! కన్ను పోనాక ఇంత దూరం సూసినట్టు నాకు గేపకం నేదే."

అప్ప ఆమె పక్కన చతికిలబడి కూర్చుంది. రైలు వీడియో అయిపోతే మళ్లీ వెయ్యమన్నారు, మళ్లీ వెయ్యమన్నారు. బావ విసుక్కోకుండా వేస్తూనే ఉన్నాడు.

మరుసటి ఏడాదికి అప్ప షెడ్డు మానేసింది. ఢిల్లీరావు పాత కెమెరా తీసుకుని పెళ్లిళ్లకి వీడియో తీయడం మొదలుపెట్టింది. టెక్కలి నుంచి, రావివలస నుంచి కూడా పిలిచేవారు. మిగతా వీడియోలవాళ్లు ఒకచోట స్టాండు పాతేసి నిలబడేవారు. అప్ప అరటి స్తంభాల పక్కనుంచి, చుట్టాల మధ్యనుంచి మెత్తగా నడుస్తూ తీసేది. చూసినవాళ్లు పందిట్లో మళ్లీ తిరిగినట్టుందనేవారు. అంతకు మించి ఏముందో వాళ్లకి తెలిసేది కాదు, అప్ప చెప్పేదీ కాదు.

రెండువేల తొమ్మిదిలో నేనొకసారి భావనపాడు ట్రిప్పు వేసుకుని, మధ్యాహ్నం ఖాళీలో ఒడ్డుకి వెళ్లాను. దూరంగా ఒక పడవ, ఒడ్డుకి సమాంతరంగా పోతోంది. ముక్కు మీద అప్ప కూర్చుని కెమెరా పట్టుకుంది. ఆమె పడిపోకుండా బావ వెనకనుంచి నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు. పడవవాడు ఏదో అడిగాడు. అప్ప కేక గాలిలో నా దాకా వచ్చింది.

"లోపలికొద్దు బాబూ! ఒడ్డు పక్కనే పోనీ, ఆ సరుగుడు సెట్లు ముందు జరగాల, కొండ ఎనక నిలబడాల!"

నేను చెయ్యి ఊపాను. ఇద్దరూ పనిలో ఉన్నారు, చూడలేదు.